అడిగి పెట్టిన బొట్టు

"తుడుచుకోమంటే తుడుచుకోదు అత్తా! అద్దం ముందర కూచోని చూసుకుంటాంది. నేనేం చేయాల చెప్పు?"

ఫోనులో ఇంద్రజ గొంతు ఇంటి ముందున్న మా అంగట్లోకి కూడా వినబడుతోంది. ఇంద్రజ మా ఆడబిడ్డ ఉమామహేశ్వరమ్మకు కోడలు. వాళ్లుండేది నంద్యాల సంజీవనగర్లో. నా పెద్దకూతురు హిమబిందు ఈ ఉదయం ఒక్కతే బస్సెక్కి వెళ్లింది ఆ ఇంటికే. చెల్లెలి శ్రీమంతానికి బొట్టు పెట్టి పిలిచి రావడానికి.

వెళ్లింది. పిలిచింది. ఇంద్రజకు బొట్టు పెట్టింది. భర్త పోయిన మా వదిన ఉమామహేశ్వరమ్మకు కూడా పెట్టింది.

"బిందు యాడుందే?" అన్నాను. నా నోట ముందు వచ్చింది అదే.

"ఇప్పుడే గేటు దాటింది. ఆ పిల్లకేం, నవ్వుకుంటా పోయింది. ఈడ నేను చస్తాండా. పక్కింటోళ్లు చూసినారు. మీ మేనల్లుడు ఇంటికొస్తే ఏమని చెప్పేది?"

అంగట్లోంచి మా ఆయన లోపలికి వచ్చారు. చేతులకు శనగపిండి అంటుకుని ఉంది. "ఫోనియ్యి" అన్నారు. నేను ఇచ్చేలోపల ఆయనే తీసుకుని పెట్టేశారు.

పైన ఫ్యాను ఒక్కటే కిర్రుకిర్రుమంటోంది.

నడవలో గోడకు ఆనుకుని లూదియా కూచుని ఉంది. నంద్యాల నుంచి వచ్చి, బిందు ఒక్కదానికే తోడుండి పనులు నేర్పే మనిషి. రోడ్డు దాటడం దగ్గర్నుంచి పొయ్యి వెలిగించడం దాకా ఆమె చలవే. మొదట్లో బిందు పక్కన కూచుని బస్సులో నంద్యాల తీసుకుపోయింది. తర్వాత వెనక సీటులో కూచుంది. ఆ తర్వాత నంద్యాల బస్టాండులో ఎదురుచూసింది. ఈరోజే మొదటిసారి, అసలు వెళ్లకుండా మా ఇంట్లో కూచుంది.

"లూదియమ్మా, ఇన్నావు కదా?" అన్నారు మా ఆయన. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే నాకు ఎక్కువ భయం.

"ఇన్నానన్నా."

"నిన్ను తప్పు పట్టను. మా పద్ధతులు నీకు తెలీవు. తెలీనప్పుడు దాంట్లో చెయ్యి పెట్టకూడదు."

"నేను చెయ్యి పెట్టలేదన్నా. చెయ్యి తీసేదే నా పని."

"ఆ మాటలే వద్దంటాండా!" ఇప్పుడు పెరిగింది గొంతు. "రేపు పాములపాడు నుంచి వియ్యపురాలు వస్తాది. సుబ్బరత్నమ్మ సంగతి నీకు తెల్దు. పిల్లి ఎదురొస్తే బండి తిప్పుకొని పోయే మనిషి. కడుపుతో ఉండే కోడలి శ్రీమంతానికి ఎవురికి బొట్టు పెట్టి పిలిచినారో తెలిస్తే గమ్మునుంటాదా?"

లోపలి గది గుమ్మంలో నా చిన్నకూతురు వినీత నిలబడి ఉంది. ఏడో నెల. ఒక చేయి నడుము మీద, ఇంకో చేతిలో ఫోను.

"మా అత్తకు తెలీకుండా ఉండదు నాయనా. ఇంద్రజొదిన ఈపాటికి అందరికీ చెప్పేసుంటాది."

"చూసినావా కమలా?" ఆయన నా వైపు తిరిగారు. "ఈ నేర్పుడు ఈరోజుతో సరి. దాన్ని ఒంటిగా యాడికీ పంపేది లేదు. అంగట్లో కూచోని పొట్లాలు కట్టుకోనీ. లూదియమ్మా, రేప్పొద్దున నుంచి నువ్వు రావద్దు."

లూదియా లేవలేదు. కొంగు సర్దుకుంది.

"సరే అన్నా. ఆ మాట బిందుకు ఎవరు చెప్తారు?"

ఆయన అంగట్లోకి వెళ్లి తక్కెడ మీద ఏదో ధనధనా పెట్టారు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. చెడు ఊహించడంలో మాత్రం నన్ను మించిన చదువరి ఈ ఆళ్లగడ్డలో ఉండదు. బిందు బస్సెక్కిన నిమిషం నుంచి ఆ బస్సును నా మనసులో ఎన్నిసార్లు బోల్తా కొట్టించానో దేవుడికే తెలుసు. బనగానపల్లె బస్సు ఎక్కించాను. శిరివెళ్లలో దింపేశాను. ఎండకు కళ్లు తిరిగి పడిపోయేలా చేశాను. ఇన్ని ఊహించిన దాన్ని, ఇదొక్కటి ఊహించలేదు.

పుట్టినప్పుడు బిందు వెంటనే ఏడవలేదు. ఆ తర్వాత మాట, నడక, లెక్క, అన్నీ దానికి ఆలస్యంగానే వచ్చాయి. దాని ఈడు పిల్లలంతా కాపురాలకు వెళ్లారు. ఇది ఇంకా నా కొంగు పట్టుకునే ఉంది. కాదు, దాని చేయి నేనే పట్టుకుని ఉన్నాను. ఆ సంగతి లూదియా వచ్చాకే తెలిసింది. వచ్చిన మొదటిరోజు నన్ను వంటింటి గుమ్మంలో నిలబెట్టి, "చేతులు వెనక్కి పెట్టుకోండమ్మా. సాయం చేయాలనిపిస్తే 'చెయ్యి కావాల్నా' అని అడగండి. అడిగి ఆగండి" అంది. ఆగడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు.

బొట్టు పెట్టడం కూడా అట్లాగే నేర్పింది. బిందుకు కుంకుమ భరిణె చేతికిస్తే అవతలివాళ్ల గడ్డం పట్టుకుని ముక్కు దాకా పూసేది. "ముందు అడుగు పాపా" అంది లూదియా. "నన్నే అడుగు."

"బొట్టు పెట్టనా?"

"వద్దు పాపా. మేం పెట్టుకోం."

బిందు మొహం ముడుచుకుపోయింది. భరిణె విసిరేసి లోపలికి వెళ్లి పడుకుంది. నాకు లూదియా మీద కోపం వచ్చింది. నేర్చుకునే పిల్ల కదా, ఒక్కసారి పెట్టించుకుంటే వాళ్ల చర్చిలో వెలేస్తారా అనిపించింది. అన్నాను కూడా.

"వద్దనేవాళ్లు ఒకరు లేకుంటే, అడిగేదానికి అర్థమేముందమ్మా?" అంది.

వచ్చిన ప్రతిసారీ బిందు అడిగేది. ప్రతిసారీ లూదియా వద్దనేది. కొన్నాళ్లకు బిందు "సరే అక్కా" అని నవ్వి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నీకు పెట్టనా?" అనడం మొదలుపెట్టింది. పెట్టు అన్నాక, ఉంగరం వేలితో, కనుబొమల నడుమ, ఎంత చక్కగా పెట్టేదో.

రోజు, వేళ, ఇల్లు, అన్నీ చెప్పడం నేర్పాము. పసుపు, వక్కాకు ఇవ్వడం నేర్పాము. భర్త పోయినవాళ్లకు పెట్టకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఇళ్లల్లో ఆ మాట ఎవరూ ఎవరికీ నేర్పరు. ఆడపిల్లలు చూసి తెలుసుకుంటారు.

ఇది తెలుసుకోలేదు. అంతే అనుకున్నాను అప్పుడు.

నా ఫోను మోగింది. బిందు. బస్సులో కూచున్నాక ఒకసారి చేయాలి, మేము మాత్రం చేయకూడదు అనేది లూదియా పెట్టిన కట్టుబాటు.

"అమ్మా, కూచున్నా. కిటికీ పక్కన. ఆళ్లగడ్డ బస్సే. అడిగినా. పెట్టేస్తాండా."

"బిందూ, ఆగు! ఏమన్నా తిన్నావా? అక్కడ..."

పెట్టేసింది.

నేను ఫోను వైపు చూస్తూ ఉండిపోయాను. లూదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వొస్తాందా నీకు?" అన్నాను.

"మీరు దానికి ఫోను చేస్తే ఇట్లనే మాట్లాడి పెట్టేస్తారమ్మా. మీ దగ్గర నేర్చుకున్నదే."

నాకూ నవ్వు రాబోయింది. అంతలోనే మళ్లీ మోగింది ఫోను. ఇంద్రజ. ఈసారి ఏడుపు.

"అత్తా, మా అత్త కనపడ్ల్యా! గదిలో లేదు. మిద్దె మీద లేదు. చెప్పులు కూడా లేవు. నేను ఒక మాట అనేసినాలే కోపంలో. 'ఈ వయసులో నీకిదేం సోకు' అన్నా. యాడికి పోయిందో ఏమో!"

వదిన దగ్గర ఫోను లేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమె గుమ్మం దాటేదే ఎప్పుడో ఒకసారి, అది కూడా కొడుకు మహేష్ బండి వెనకాల కూచుని. నాకు వెంటనే వాళ్ల ఊరి కె.సి. కాలువ గుర్తొచ్చింది. నిండా నీళ్లు పారుతున్నాయని మొన్ననే ఎవరో అన్నారు. ఆ నీళ్లలో ఎర్రటి బొట్టు ఒక్కటి తేలుతున్నట్టు కనబడింది. చెప్పాను కదా, నా మనసు అట్లాంటిది.

మా ఆయనకు చెప్పాను. ఆయన చేతిలోని పొట్లం జారి బెల్లం ముక్కలు నేల మీద చెదిరాయి. తల్లి తర్వాత తల్లిలా పెంచిన అక్క.

"మహేష్‌కు చెప్పినారా?"

"వెతికేకి పోయినాడంట."

ఆయన వంగి బెల్లం ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఏరుతూనే ఉన్నారు. తల ఎత్తలేదు.

నేను చెప్పులు వేసుకున్నాను. బస్టాండుకు. కనీసం బిడ్డనన్నా కళ్లారా చూసుకోవాలి. లూదియా నా వెంట వచ్చింది.

"నిన్ను రావద్దన్నారు కదమ్మా" అన్నాను నాలుగు రోడ్ల దగ్గర.

"రేప్పొద్దున నుంచి కదా రావద్దనింది అన్న. ఈరోజు ఇంకా నాదే."

బస్సు కోసం నిలబడ్డాం. ఎండకు రోడ్డు మెరుస్తోంది. నేనే మాట్లాడాను. వియ్యపురాలు శ్రీమంతం వద్దంటే వినీత గతి ఏమిటి, వదినకు ఏమన్నా అయితే ఆ పాపం బిందు మీదే కదా వేస్తారు, నువ్వు రాకపోతే ఇది మళ్లీ ఏ మూల కూచుంటుందో.

"అమ్మా" అంది లూదియా. "బస్సు."

దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ముందు ఎవరో ముసలాయన దిగాడు. తర్వాత బుట్టతో ఒకామె. తర్వాత తలుపు దగ్గర బిందు.

నా కాళ్లు వాటంతట అవే పరుగెత్తబోయాయి.

"చేతులమ్మా" అంది లూదియా మెల్లగా.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వేళ్లు ఒకదానికొకటి బిగించి పట్టుకున్నాను.

బిందు కమ్మీ పట్టుకుంది. మెట్టు చూసుకుంది. కుడికాలు, తర్వాత ఎడమ. కింద నిలబడింది. నేను అంత దగ్గర్లో ఉన్నా నా వైపు చూడలేదు. బస్సు వైపు తిరిగి తలెత్తి, "అత్తా, చెయ్యి కావాల్నా?" అంది.

ఆగింది.

"కావాల తల్లీ. మోకాళ్లు పట్టేసినాయి" అంది లోపలి నుంచి ఒక గొంతు.

మా వదిన ఉమామహేశ్వరమ్మ. బూడిదరంగు చీర. నుదుటన ఎర్రగా, గుండ్రంగా బొట్టు. బిందు చేయి పట్టుకుని దిగింది.

కండక్టరు తలుపులోంచి వంగి, "మీ పాపనా అమ్మా ఈమె?" అన్నాడు. "ఏం మనిషమ్మా! మడుసులను జరిపించి మరీ పెద్దామెను కూచోబెట్టింది. టికెట్టు చేతికిచ్చే దాకా నన్ను కదలనీల్యా. ఆడోళ్లకు ఫ్రీ కదా పాపా అంటే, 'ఫ్రీ టికెట్టు ఇయ్యి' అంటాది. తన ఆధార్ కార్డూ, పెద్దామె బొడ్డు సంచిలోదీ తనే చూపించింది."

"మా పాపనే" అన్నాను. ఆ మాట ఇంకోసారి అనాలనిపించింది. "మా పెద్దపాప."

బస్సు కదిలిపోయింది. నేను ముందు ఇంద్రజకు ఫోను చేసి, "మీ అత్త ఈడుంది, మహేష్‌కు చెప్పు" అని పెట్టేశాను. అప్పుడు వచ్చింది నాకు కోపం.

"వదినా, చెప్పకుండా వస్తారా? ఆడ ఇంద్రజ ఏడుస్తాండాది. నేను కాలువ దాకా పోయినా మనసులో!"

"నువ్వు పోకుండా ఎప్పుడున్నావులే" అంది వదిన. "పిల్ల ఒంటిగా పోతాండాది కదా, బస్టాండు దాకా తోడు పోదామని వెనకాలే వచ్చినా. తీరా పోతే ఆడ నాకే ఏ బస్సు ఏందో తెలీల్యా. తిరిగి ఇంటికెట్ల పోవాల్నో కూడా తెలీల్యా. నిలబడి చూస్తాండా. ఇదొచ్చి, 'అత్తా, నాతో వస్తావా' అని అడిగింది. వస్తా అన్నా."

"బిందూ, ఫోన్లో అత్త ఉందని చెప్పలేదేమే?"

"నువ్వు అడగల్యా."

లూదియా అటు తిరిగి నవ్వుకుంది.

ఇంటికి నడిచాం. ముందు బిందు, దాని పక్కన వదిన. మా బజారంతా ఆమె నుదురు చూసింది. బట్టలంగడి ముందు కూచున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. నేను తల దించుకోబోయాను. బిందు వాళ్లను చూసి చేయి ఊపి, "నంద్యాల పోయొచ్చినా! ఒక్కదాన్నే!" అని అరిచింది. నా తల దించడం కుదరలేదు.

అంగట్లో మా ఆయన అక్కను చూసి లేచారు. కళ్లు ఆమె కాళ్ల దగ్గర్నుంచి మొహం దాకా వెళ్లి, బొట్టు దగ్గర ఆగిపోయాయి. సరుకు కోసం వచ్చిన మనిషి, "తర్వాత వస్తాలే అప్పా" అని జారుకున్నాడు.

"అక్కా..."

"ఊఁ. బాగా చూసుకో."

వినీత లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"తెలీక చేసింది అక్కా" అన్నారు ఆయన చివరికి. "దానికేం తెలుసు? నువ్వన్నా వద్దని చెప్పాల్సింది."

"తెలుసు నాయనా" అంది బిందు.

అందరం దాని వైపు తిరిగాం.

"ఏందీ నీకు తెలిసింది?"

బిందుకు మాట ఒక్కోసారి గొంతు దాకా వచ్చి ఆగుతుంది. పెదవులు కదిలాయి. నాకు నోట్లో ఏవేవో మాటలు సిద్ధంగా ఉన్నాయి, దాని బదులు చెప్పడానికి. పళ్లు బిగబట్టాను. లూదియా కూడా నేల చూస్తూ నిలబడింది.

"అత్తకు ఎవురూ పెట్టరు" అంది బిందు. "చెల్లి పెండ్లిలో అందరికీ పెట్టినారు. అత్తకు పెట్టల్యా. నేను చూసినా. నేను, అత్త, వెనక గదిలో ఉన్నాం. లడ్డు తిన్నాం."

వినీత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఎవురూ అడగల్యా. అందుకే అడిగినా. బొట్టు పెట్టనా అత్తా అన్నా. ఆగినా. శానాసేపు ఆగినా. అత్త పెట్టు అనింది." కాస్త ఆలోచించింది. "వద్దంటే, సరే అని వచ్చేదాన్ని. లూదియక్క వద్దంటాది కదా."

మా ఆయన గల్లా పెట్టె మీద చేయి పెట్టి నిలబడ్డారు. కిందికి కూచోలేదు, ముందుకు రాలేదు.

వెనక గది నాకు గుర్తుంది. పెళ్లికొచ్చినవాళ్ల కళ్లబడకుండా బిందును అక్కడ కూచోబెట్టాం. వదిన తనంతట తానే వెళ్లి కూచుంది. పెళ్లంతా ఆ గదిలోంచే చూసింది నా పెద్దకూతురు. మేమెవరం చూడనిది చూసింది. తెలుసుకోలేదని అనుకున్నాను నేను.

వియ్యపురాలి భయం ఎక్కడికీ పోలేదు. అయినా ఆ భయం మధ్యలోంచే ఏదో పైకి లేచి నా వీపు నిటారు చేసింది. ఇరుగుపొరుగు ముందు ఈ పిల్ల సంగతి ఎత్తితే మాట మార్చేదాన్ని. ఇప్పుడు ఊరంతా పిలిచి చెప్పాలనిపించింది.

"రేపు మన బజార్లో మిగిలిన ఇండ్లకు పిలిచేకి బిందే పోతాది" అన్నాను.

"కమలా!"

"లూదియా కూడా వస్తాది. కాదంటే నాకు చెప్పొద్దండి. బిందుకే చెప్పండి. ఎదురుగానే ఉంది కదా."

పెళ్లయినప్పటి నుంచి ఆయనతో నేను అట్లా మాట్లాడలేదు.

వదిన మెట్టు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి ఉంది.

"ఒరే నారాయణా" అంది. "నీ కూతురు పిలిచింది, వచ్చినా. నీ ఇంటికి నువ్వు పిలుస్తావా? ఈ బొట్టుతోనే. గొడవ పడేకి రాల్యా నేను. అడుగుతాండా, అంతే. నువ్వు చెప్పే దాకా ఈడనే ఉంటా."

ఆయన నోరు తెరిచారు. అప్పుడే మోగింది వినీత చేతిలోని ఫోను. తెర వైపు చూసి దాని మొహం పాలిపోయింది. చెవికి పెట్టుకుంది. "ఆ అత్తా... ఉన్నాడత్తా" అంది. ఫోను దించి, తండ్రి వైపు చాచింది.

"నాయనా, మా అత్త. నీతోనే మాట్లాడాలంట. ఇప్పుడే."

ఎదురుగా వీధిలో అక్క. పక్కన చాచిన ఫోనులో సుబ్బరత్నమ్మ, అలో అలో అంటోంది. ఆయన చేయి గల్లా పెట్టె మీద నుంచి లేచి, ఎటు వెళ్లాలో తెలియక గాల్లోనే ఆగిపోయింది.

అది ముందు చూసింది బిందు. రెండు అడుగులు వేసి తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నాయనా, చెయ్యి కావాల్నా?"

అడిగింది. తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఆగింది.